వైఫై లిస్టులో 14 పరికరాలు, ఇంట్లో ఉన్నవి 7: ఏం చేయాలి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కుందలహళ్లి గేటు దగ్గర మూడో అంతస్తు, పక్క బిల్డింగులో అబ్బాయిల పీజీ. మీవారు రాత్రిపూట అమెరికా వాళ్లతో మీటింగులో ఉండగా నెట్ ఆగిపోతోంది. రౌటర్ పేజీ తెరిస్తే 14 పరికరాలు కనిపించాయి. ఇంట్లో ఉన్నవేమో మూడు ఫోన్లు, రెండు ల్యాప్‌టాపులు, ఒక టీవీ, గుమ్మం దగ్గర కెమెరా, వెరసి ఏడు. పాస్‌వర్డ్ మీవారి ఫోన్ నంబరు. వైఫై పేరు దాచిపెట్టారు, మ్యాక్ ఫిల్టర్ (ప్రతి పరికరానికీ ఉండే మ్యాక్ అడ్రసు అనే గుర్తింపు నంబరు చూసి రానిచ్చే, ఆపే ఏర్పాటు) పెట్టారు, అయినా కొత్త పేర్లు వస్తూనే ఉన్నాయి. ఎవరైనా హ్యాక్ చేశారా, పోలీసులకు చెప్పాలా అని అడిగారు.

ఇరవై ఏళ్లుగా బెంగళూరులో ఆఫీసులకు నెట్‌వర్కులు వేసే పనిలో ఉన్నాను. తెలిసినవాళ్లు పిలిస్తే ఇళ్లకూ వెళ్లి చూస్తాను. తాళం పగలగొట్టి లోపలికి వచ్చినవాడు నాకు ఎప్పుడో ఒకసారి కనిపించాడు. తాళంచెవి ఎవరికో ఇచ్చి మర్చిపోయిన ఇళ్లు మాత్రం లెక్కలేనన్ని చూశాను. మీ ఇంట్లోనూ అదే జరిగి ఉంటుందని నా అనుమానం. అందుకే రౌటర్ జోలికి వెళ్లేముందు, ఆ పాస్‌వర్డ్ ఇప్పటిదాకా ఎవరెవరి ఫోన్లలోకి వెళ్లిందో గుర్తుతెచ్చుకుని ఒక కాగితం మీద రాయండి. కనెక్షన్ బిగించిన కుర్రాడు, సంక్రాంతికి వచ్చిన చుట్టాలు, పిల్లల ట్యూషన్ టీచరు, ఓటీపీ రావట్లేదంటే మీరు కనెక్ట్ చేసిచ్చిన డెలివరీ అబ్బాయి, కింది ఇంటి ఓనరుగారి అబ్బాయి. ఆండ్రాయిడ్ 10 నుంచి క్యూఆర్ కోడ్ చూపిస్తే చాలు, అవతలి ఫోన్ కనెక్ట్ అయిపోతుంది. కనెక్ట్ అయిన ఆ ఫోన్ మళ్లీ ఇంకో ఫోన్‌కి అదే క్యూఆర్ చూపించగలదు. పాస్‌వర్డ్ నోటితో చెప్పలేదు కాబట్టి ఇవ్వలేదనుకుంటాం, కానీ ఇచ్చినట్టే.

ఇప్పుడు ఆ 14 సంగతి. ఆ లెక్కను అప్పుడే నమ్మకండి. చాలా రౌటర్లలో రెండు రకాల లిస్టులు ఉంటాయి. ఒకటి ఈ క్షణంలో వైఫైకి కలిసి ఉన్నవి. రెండోది డీహెచ్‌సీపీ లిస్టు, అంటే రౌటర్ ఎవరెవరికి లోపలి అడ్రసు ఇచ్చిందో ఆ చిట్టా. ఇందులో మనిషి వెళ్లిపోయినా గడువు తీరేదాకా పేరు ఉండిపోతుంది. ఆ గడువు చాలా రౌటర్లలో ఒక రోజు. పొద్దున వచ్చి వెళ్లిన మీ చెల్లెలి ఫోన్ రాత్రికి కూడా అక్కడే ఉంటుంది. మీరు చూసింది ఏ లిస్టో ముందు తేల్చుకోండి.

ఇంకో చిక్కు ఉంది. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రసు చెప్పకుండా ఒక్కో వైఫై పేరుకి ఒక్కో దొంగ అడ్రసు తయారుచేసుకుంటున్నాయి. బయట మనల్ని ఎవరూ వెంబడించకుండా పెట్టిన మంచి ఏర్పాటే అది. కానీ వైఫైకి రెండు రేడియో దారులుంటాయి. మీ రౌటర్లో 2.4 గిగాహెర్ట్జ్‌కి ఒక పేరు, 5 గిగాహెర్ట్జ్‌కి ఇంకో పేరు ఉంటే, రెండింటికీ ఎప్పుడో ఒకప్పుడు కలిసిన మీ ఫోన్ రెండు పరికరాలుగా కనిపిస్తుంది. అప్పుడు మూడు ఫోన్లు ఆరు అవుతాయి. గుర్తుపట్టడం ఎలాగంటే, మ్యాక్ అడ్రసులో రెండో స్థానంలో 2 గానీ, 6 గానీ, ఇంగ్లీషు అక్షరాలు A, Eల్లో ఒకటి గానీ ఉంటే అది ఫోన్ తయారుచేసుకున్న అడ్రసు. అలాంటివి ముందు మీ ఇంట్లో ఫోన్లలోనే వెతకండి. ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కితే ఆ వివరాల్లో అది వాడుతున్న మ్యాక్ అడ్రసు ఉంటుంది.

నెట్ నెమ్మదించడాన్ని కూడా దొంగ ఉన్నాడనడానికి సాక్ష్యంగా తీసుకోకండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు మూడే: 1, 6, 11. ఒకపక్క మీ అపార్ట్‌మెంటు, ఇంకోపక్క పీజీ, రాత్రి పదకొండుకి అందరి రౌటర్లూ ఆ మూడింటి మీదే కొట్టుకుంటుంటాయి. మీవారి ల్యాప్‌టాప్‌ని ఒక రాత్రి ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కి తగిలించి మీటింగు నడపమనండి. కేబుల్ మీద బాగుండి వైఫై మీద ఆగిపోతోందంటే అది గాలిలో రద్దీ. 5 గిగాహెర్ట్జ్‌కి మారితే చాలావరకు తీరిపోతుంది. కేబుల్ మీద కూడా నెమ్మదిగా ఉంటేనే లైన్ గురించో, లోపల ఎవరో బరువు పెట్టడం గురించో అనుమానించాలి.

ఇంతా చేసి, ఎవరూ లేరని తేలినా సరే, పాస్‌వర్డ్ మాత్రం మార్చాల్సిందే. ఫోన్ నంబరు పాస్‌వర్డ్‌గా పెట్టిన ఇల్లు చూస్తే నాకు మనసు నిలవదు. కారణం వివరంగా చెబుతాను.

మీ రౌటర్లో ఉన్నది డబ్ల్యూపీఏ2 అనుకుంటున్నాను, వైఫైకి తాళం వేసే, 2004లో వచ్చిన పద్ధతి. ఇందులో ఫోన్ రౌటర్‌కి కలిసేటప్పుడు రెండింటి మధ్యా నాలుగు చిన్న సందేశాలు నడుస్తాయి. పాస్‌వర్డ్ వాటిలో ఉండదు. కానీ ఆ నాలుగూ గాలిలోంచి పట్టుకున్నవాడు తన ఇంట్లో కూర్చుని, మీ రౌటర్‌ని ముట్టుకోకుండా, ఒక్కో పాస్‌వర్డూ వేసి సరిపోతుందో లేదో చూసుకోవచ్చు. మీ రౌటర్‌కి ఆ సంగతే తెలియదు, తప్పుగా ఇన్నిసార్లు కొట్టావని ఆపేవారూ ఉండరు. ఒక్కో ప్రయత్నం బరువుగా ఉండాలని ఈ పద్ధతిలో లెక్కను 4096 సార్లు తిప్పుతారు. అయినా గేములాడే కంప్యూటర్లో ఉండే మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి సెకనుకి పది లక్షల ప్రయత్నాలు చేయగలదు. మన మొబైల్ నంబరుకి పది అంకెలు, మొదటిది 6, 7, 8, 9లలో ఒకటి. అంటే దేశంలో ఉండగలిగిన నంబర్లన్నీ కలిపి 400 కోట్లు. సెకనుకి పది లక్షల చొప్పున 4000 సెకన్లు, గంటా ఏడు నిమిషాలు. ఇది మీవారి నంబరు తెలియనివాడి సంగతి. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఉన్నవాడికి ఆ గంట కూడా అక్కర్లేదు.

పాస్‌వర్డ్‌లో వింత గుర్తులు కలపడం కంటే పొడవు ముఖ్యం. 8 నుంచి 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. నేను అందరికీ చెప్పేది ఒకటే: సంబంధంలేని ఐదు తెలుగు మాటలు తీసుకుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. మనసులోంచి తీయకండి, మనసు ఎప్పుడూ తెలిసిన దారిలోనే పోతుంది, పిల్లల పేర్లూ దేవుడి పేర్లూ వస్తాయి. నిఘంటువు తీసి కళ్లు మూసుకుని ఐదుచోట్ల తెరవండి. గొడుగు, చింతపిక్క, నాగలి, ఉంగరం, పెరుగు, ఇలా వస్తాయి. (ఇవి మాత్రం వాడకండి, ఇక్కడ రాసేశాను కదా.) సామెతలూ పాటల పల్లవులూ వద్దు, అవి వరసగా దొరికిపోతాయి. 7776 మాటలున్న జాబితాలోంచి ఏ వరసా లేకుండా ఐదు తీస్తే, ఆ జాబితా తెలిసినవాడికి కూడా అదే కార్డుతో అన్నీ వేసి చూడటానికి దాదాపు తొమ్మిది లక్షల ఏళ్లు పడుతుంది. తెలుగు నిఘంటువులో అంతకంటే ఎక్కువ మాటలే ఉంటాయి. మీ అత్తగారికి చెప్పడం కూడా తేలికే, ఫోన్లో ఆవిడే పలుకుతూ కొట్టుకుంటారు.

మీరు చేసిన రెండు పనుల గురించి. పేరు దాచడం వల్ల ఉపయోగం లేదు. మీ ఫోన్ కలిసే ప్రతిసారీ ఆ పేరు గాలిలో బయటపడుతుంది. పైగా పేరు దాచిన వైఫైకి అలవాటుపడిన ఫోన్ మీరు ఎక్కడికి వెళ్లినా 'ఆ పేరుగల వైఫై ఇక్కడుందా' అని పిలుస్తూ తిరుగుతుంది. దాన్ని మళ్లీ మామూలుగా పెట్టేయండి. మ్యాక్ ఫిల్టర్‌లో మీరు పెట్టింది ఫలానావాళ్లు రావద్దనే లిస్టు అయితే, అవతలివాడు ఫోన్ సెట్టింగులో ఒక్క మీట మార్చి వేరే అడ్రసుతో వస్తాడు. ఫలానావాళ్లే రావాలనే లిస్టు అయితే, అడ్రసులు గాలిలో విప్పి ఉంటాయి కాబట్టి మీదొకటి చూసి తనది అలా మార్చుకోవచ్చు. ఆ ఓపిక పాస్‌వర్డ్ మీద పెట్టండి.

పాస్‌వర్డ్ కొట్టకుండానే పరికరాన్ని కలపడానికి డబ్ల్యూపీఎస్ అని ఒక మీట, ఒక ఎనిమిది అంకెల పిన్ ఉంటాయి, దాన్ని ఆపేయండి. ఎనిమిది అంకెలంటే పెద్ద సంఖ్యే. కానీ చివరి అంకె మిగతా ఏడింటి నుంచి లెక్కగట్టి వచ్చేదే. పైగా రౌటర్ మొదటి నాలుగూ సరిపోయాయో లేదో విడిగా చెప్పేస్తుంది. కాబట్టి పదివేలు, ఇంకో వెయ్యి, మొత్తం 11,000 ప్రయత్నాల్లో పని అయిపోతుంది. స్టెఫాన్ వీబాక్ 2011 డిసెంబరులో ఇది బయటపెట్టారు. తర్వాత వచ్చిన రౌటర్లు కొన్నిసార్లు తప్పు కొడితే కాసేపు ఆపుతాయి, అయినా నేను ఏ ఇంట్లోనూ దాన్ని ఉంచను. ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా ఇది పెరటి తలుపు తెరిచిపెట్టినట్టే.

ఇక్కడివరకూ వైఫై సంగతి. నాకు అంతకంటే ఎక్కువ భయం రౌటర్ సొంత తాళం గురించి, ఎవరూ దాని గురించి అడగరు. 192.168.1.1 లాంటి అడ్రసు కొట్టినప్పుడు వచ్చే పేజీకి విడిగా ఒక పాస్‌వర్డ్ ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చిన 'అడ్మిన్, అడ్మిన్'తోనే చాలా ఇళ్లలో అది సంవత్సరాల తరబడి నడుస్తోంది. 2016లో మిరాయ్ అనే కంప్యూటర్ పురుగు (వైరస్ లాంటిది) ప్రపంచమంతా కెమెరాల్లోకీ రౌటర్లలోకీ పాకింది. దాని దగ్గర ఉన్నదల్లా కంపెనీలు పెట్టి పంపే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు అరవై పైచిలుకు. వాటితోనే లక్షల పరికరాలను చేతిలోకి తీసుకుంది. అలాంటి పరికరాలతోనే 2016 అక్టోబరు 21న సైట్ల పేర్లకు అడ్రసులు చూపించే డైన్ (Dyn) అనే సంస్థ మీద దాడి చేస్తే పెద్దపెద్ద సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు.

కొన్నేళ్ల కిందట రామ్మూర్తినగర్‌లో మా బావమరిది ఇంట్లో ఏ ఫోన్ తెరిచినా పిచ్చి ప్రకటనలు వచ్చేవి. ఫోన్లు ఫార్మాట్ చేయించారు, ల్యాప్‌టాప్‌కి కొత్త యాంటీవైరస్ కొన్నారు. నేను వెళ్లి రౌటర్ పేజీలో డీఎన్ఎస్ గడి చూస్తే, ఎవరిదో తెలియని నంబరు ఉంది. మనం బ్యాంకు పేరు కొట్టినప్పుడు ఆ పేరు ఏ చిరునామాకి వెళ్లాలో చెప్పేది డీఎన్ఎస్. అది వేరేవాడి చేతిలో ఉంటే ఏ ఇంటికి బయల్దేరినా వాడు చూపించిన గుమ్మం ముందే నిలబడతాం. ఆ రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ డబ్బాలోంచి తీసినప్పటిదే. వాళ్ల ఖాతాలో డబ్బు పోలేదు, కానీ ఆ రాత్రి మా చెల్లెలి ముఖం నాకిప్పటికీ గుర్తుంది. మీరూ ఆ గడి చూడండి. ఖాళీగానో ఆటోమేటిక్ అనో ఉంటే మీ ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చింది. 8.8.8.8, 1.1.1.1, 9.9.9.9 లాంటివి అందరూ వాడే మంచివి. ఇవేవీ కాని నంబరుంటే కంపెనీకి ఫోన్ చేసి అది వాళ్లదేనా అని అడగండి.

ఇక పని మొదలుపెట్టే తీరు. మీవారికి సెలవున్న రోజు, శనివారం మధ్యాహ్నం కూర్చోండి. రీసెట్ మీట మాత్రం తొందరపడి నొక్కకండి. ఫైబర్ కనెక్షన్లకి చాలావాటికి నెట్ కలవడానికి కావాల్సిన పీపీపీఓఈ అనే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రౌటర్లోనే ఉంటాయి. రీసెట్ చేస్తే అవీ పోతాయి, ఆదివారమంతా కస్టమర్ కేర్ చుట్టూ తిరగాలి. ముందు వాటిని కంపెనీ నుంచి తీసుకుని రాసిపెట్టుకోండి, రౌటర్ పేజీలన్నిటికీ ఫొటోలు తీసుకోండి.

తర్వాత ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో తగిలించి అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. వైఫైదీ దీనిదీ ఒకటే కాకూడదు. ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే వేయండి. 2017 అక్టోబరులో మాతీ వాన్‌హాఫ్ అనే బెల్జియం పరిశోధకుడు డబ్ల్యూపీఏ2లోనే ఒక లోపం చూపించారు, క్రాక్ అని పేరు. దానికి మందు అప్‌డేటే, పాస్‌వర్డ్ మారిస్తే పోయేది కాదు. మీ రౌటర్‌కి కంపెనీ అప్‌డేట్లు ఆపేసి ఉంటే ఎస్పీ రోడ్డుకో, ఇంకెక్కడికో వెళ్లి కొత్తది కొనుక్కోవడమే మేలు. బయటనుంచి రౌటర్‌ని నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపండి. లోపలి పరికరాలు తమంతట తామే బయటికి దారి తెరుచుకునే యూపీఎన్‌పీ కూడా ఆపండి. పిల్లలు ఏదైనా గేము ఆగిందంటే అప్పుడు చూసుకోవచ్చు.

సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ3 కనిపిస్తే దాన్నే ఎంచుకోండి. 2018లో వచ్చిన ఈ పద్ధతిలో, ఇందాక చెప్పినట్టు గాలిలోంచి పట్టుకెళ్లి ఇంట్లో కూర్చుని ప్రయత్నించడం కుదరదు. ప్రతి ప్రయత్నానికీ మీ రౌటర్ ముందుకే రావాలి. పాత ప్రింటరో టీవీయో కలవకపోతే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి ఉన్నది పెట్టండి. డబ్ల్యూఈపీ అనే పాతది ఎక్కడైనా కనిపిస్తే ఆ పెట్టెను పక్కన పెట్టేయాల్సిందే, దాని పునాదే సరిగా లేదని 2001లోనే తేలిపోయింది.

ఇప్పుడు వైఫై పాస్‌వర్డ్. ఇక్కడే అందరూ పొరబడతారు. 2.4కి మార్చి 5కి మర్చిపోతారు. ఎస్పీ రోడ్డులో కొన్న కొత్త రౌటర్‌కి మారుస్తారు, కంపెనీవాళ్లు పెట్టిన ఫైబర్ బాక్సు సొంత వైఫై పాత పాస్‌వర్డుతో అల్మరా మీద వెలుగుతూనే ఉంటుంది. పడకగదిలో సిగ్నల్ కోసం పెట్టిన రిపీటర్ ఒకటి పాత పేరుతో పనిచేస్తూ ఉంటుంది. మారతహళ్లిలో ఒకాయన మూడుసార్లు పాస్‌వర్డ్ మార్చాక నన్ను పిలిచారు, చూస్తే కింద పీజీ పిల్లలు ఉన్నది ఆ ఫైబర్ బాక్సు వైఫైలో. మీ ఇంట్లో నిలబడి ఫోన్‌లో వైఫై పేర్లు చూడండి, బాగా బలంగా కనిపించే ప్రతి పేరూ ఎవరిదో మీకు తెలియాలి.

పాస్‌వర్డ్ మారగానే అన్నీ బయటికి పోతాయి. అప్పుడు ఒక్కోటి కలుపుతూ, రౌటర్ లిస్టులో అది ఏ పేరుతో వచ్చిందో, మ్యాక్ ఎంతో పిల్లల నోట్‌బుక్కులో రాసుకోండి. ఏడూ అయ్యాక మీకు మొదటిసారి నిజమైన లెక్క దొరుకుతుంది.

కెమెరాని మాత్రం మిగతా ఆరింటితో కలపకండి. రౌటర్లో గెస్ట్ నెట్‌వర్క్ అని విడి వైఫై ఉంటుంది, అందులో పెట్టండి. తక్కువ ధర కెమెరాల్లో చాలావాటికి అప్‌డేట్లు రావు. దాంట్లోకి ఎవరైనా వస్తే అక్కడినుంచి మీవారి ఆఫీసు ల్యాప్‌టాప్ వైపు చూడకూడదు. గెస్ట్‌లో ఉన్నవి లోపలి నెట్‌వర్క్‌ని చూడకుండా ఉండే గడి టిక్ అయిందో లేదో చూసుకోండి, కొన్ని రౌటర్లలో అది విడిగా ఉంటుంది. టీవీ సంగతి మీ ఇష్టం. ఫోన్లోంచి టీవీ మీదికి వీడియోలు వేసే అలవాటు ఉంటే గెస్ట్‌లో పెడితే అది పనిచేయదు, అందుకని మా ఇంట్లో టీవీని లోపలే ఉంచాను.

చుట్టాలకీ అదే గెస్ట్. మనవాళ్ల ఇంటికి ఎవరొచ్చినా చెప్పులు విప్పేలోపే పాస్‌వర్డ్ అడుగుతారు, కాదనలేం, కాదనాల్సిన పనీ లేదు. గెస్ట్‌ది ఇవ్వండి, పండగ అయ్యాక మార్చేయండి. ఓనరుగారి అబ్బాయి 'స్వల్ప అడ్జస్ట్ మాడి ఆంటీ' (కొంచెం సర్దుకోండి ఆంటీ) అని నెలల తరబడి వాడుకుంటుంటే మాత్రం నా సలహా వేరు. 'మా ఆయన ఆఫీసు వాళ్లు ఇంటి వైఫై ఎవరికీ ఇవ్వొద్దన్నారు' అని నెమ్మదిగా చెప్పండి. చాలా కంపెనీల నిబంధనల్లో అది నిజంగానే ఉంటుంది, ఒకసారి మీవారిని చూడమనండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీ కనెక్షన్ నుంచి వెళ్లే ప్రతిదానికీ బయటికి కనిపించే పేరు మీదే. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు మెయిల్ ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో కనెక్షన్ చిరునామా) పట్టుకుని పోలీసులు నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటి తలుపు తట్టారు. ఆయన వైఫైని బయటివాళ్లు వాడుకున్నారని తర్వాత తేలింది. తేలేదాకా ఆ కుటుంబం పడ్డది ఏ కుటుంబానికీ రాకూడదు.

పోలీసుల విషయం అడిగారు. ఇప్పుడున్న దాన్ని బట్టి అక్కర్లేదు. అనుమతి లేకుండా వేరేవాళ్ల నెట్‌వర్క్‌లోకి దురుద్దేశంతో రావడం ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద నేరమే, మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. కానీ పాస్‌వర్డ్ మనమే ఇచ్చిన కుర్రాడి మీద అక్కడిదాకా వెళ్లడం నాకు సబబు అనిపించదు. డబ్బు పోయినా, మెయిల్‌లోకో కెమెరాలోకో ఎవరో వచ్చిన గుర్తులు కనిపించినా మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. అలాంటప్పుడు రౌటర్‌ని రీసెట్ చేసేముందు లాగ్ పేజీల (ఎప్పుడేం జరిగిందో రౌటర్ రాసుకునే చిట్టా) ఫొటోలు తప్పకుండా తీసుకోండి.

నోట్‌బుక్కులో ఏడూ రాసుకున్నాక ఒక వారం పాటు రాత్రి పడుకునేముందు లిస్టు చూడండి. ఎనిమిదోది కనిపిస్తే ఏమీ మార్చకుండా, దాని మ్యాక్‌లో రెండో అక్షరం ఏమిటో, అది కలిసింది 2.4లోనా 5లోనా గెస్ట్‌లోనా అన్నది ఇక్కడే నాకు రాయండి. మ్యాక్ మొత్తం పెట్టకండి, ఆ ఒక్క అక్షరం చాలు.